మా అమ్మాయి విదేశాల్లో ఫుట్‌బాల్ ఆడగలదా మాస్టారూ? – తరచుగా అడిగే ప్రశ్నలు

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస దాటాక ఒక ఉన్నత పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. సాయంత్రం బడి వదిలాక పాతిక ముప్పై మంది ఆడపిల్లలు గ్రౌండులో ఉండిపోతారు, బంతి ఆడతారు. వాళ్ల అమ్మానాన్నలు గేటు దగ్గరా సంతలోనూ, ఒక్కోసారి పెళ్లి భోజనాల దగ్గర కూడా నన్ను ఆపి అడిగే ప్రశ్నలే ఇవి. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఒకసారి రాసి పెట్టేద్దామనుకున్నాను. ఎక్కువగా మిడ్‌ఫీల్డర్ గురించే రాశాను. మా జట్టులో పైకి వచ్చేలా కనిపిస్తున్న ఇద్దరు పిల్లలూ అక్కడే ఆడతారు మరి.

మిడ్‌ఫీల్డర్ అంటే ఏటి? గోల్ కొట్టదు, గోల్ ఆపదు. మరి ఏం చేస్తుంది?

మన తప్పెటగుళ్లు చూశారు కదా. గుండెకు తప్పెట కట్టుకుని ఇరవై మంది గుండ్రంగా ఎగురుతుంటే, ఒకడు దరువు మారుస్తాడు. అతను మార్చాడని చూసేవాళ్లకు తెలియకముందే మిగతావాళ్ల కాళ్లు మారిపోతాయి. మిడ్‌ఫీల్డర్ ఆ మనిషి. ఆట ఎప్పుడు ఉరకాలి, ఎప్పుడు నిదానించాలి, బంతి ఏ వైపు వెళ్లాలి అన్నది ఆమె చేతిలో, అంటే కాలిలో, ఉంటుంది.

ఇందులోనూ రకాలున్నాయి. డిఫెండర్ల ముందు కాపలా ఉండి దాడిని మొదట్లోనే విరిచేసే పిల్లను ఆరో నంబరు అంటారు. రెండు పెనాల్టీ బాక్సుల మధ్య అటూ ఇటూ పరిగెత్తేది ఎనిమిది. ఫార్వర్డ్ల వెనక ఉండి ఆఖరి పాస్ ఇచ్చేది పది. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో దాదాపు పది కిలోమీటర్లు పరిగెడుతుంది. కొందరు పదకొండూ దాటేస్తారు.

2022 అక్టోబరులో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పదిహేడేళ్లలోపు అమ్మాయిల ప్రపంచకప్ జరిగింది. మా పిల్లల్ని రైలెక్కించి తీసుకెళ్లాను. మన జట్టు అమెరికా మీద 8–0 తేడాతో ఓడిపోయిన మ్యాచ్ అది. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నేను మాత్రం వాళ్లకు ఒకటే పని చెప్పాను: బంతిని చూడొద్దు, అమెరికా మిడ్‌ఫీల్డర్ల తలకాయలు చూడండి. బంతి తన దగ్గరికి వచ్చేలోపు ఒక్కొక్కరూ రెండు మూడుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకుంటున్నారు. వెనక ఎవరున్నారో ముందే తెలుసు కాబట్టి బంతి అందగానే ఎటు తిరగాలో వాళ్లకు అనుమానం లేదు. తేడా కాళ్లలో కాదు, మెడలో ఉంది. మరుసటి రోజు నుంచి మా గ్రౌండులో పిల్లలు గోరింకల్లా తలలు తిప్పడం మొదలుపెట్టారు.

గోల్ కొట్టని వాళ్లకు పేరు రాదు అనుకునేవారికి ఇంకో మాట. ఏటా ప్రపంచంలో మేటి క్రీడాకారిణికి ఇచ్చే మహిళల బాలన్ డోర్ అవార్డు 2021, 2022ల్లో అలెక్సియా పుతెయాస్‌కు, 2023, 2024, 2025ల్లో ఐతానా బొన్మాతికి వచ్చింది. ఇద్దరూ బార్సిలోనా మిడ్‌ఫీల్డర్లే.

మన దేశం నుంచి ఇలా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. గోల్‌కీపర్ అదితి చౌహాన్ 2015లో ఇంగ్లండ్‌లో వెస్ట్‌హామ్ అమ్మాయిల జట్టుకు ఆడింది. మణిపూర్‌కు చెందిన బాలాదేవి 2020 జనవరిలో స్కాట్లండ్ రేంజర్స్‌తో ఒప్పందం రాసుకుంది. విదేశీ క్లబ్బుతో ప్రొఫెషనల్ కాంట్రాక్టు చేసుకున్న మొదటి భారత మహిళ ఆమె. అదే ఏడాది డిసెంబరులో అక్కడ గోల్ కూడా కొట్టింది. పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్‌లోని అపోలోన్‌కు వెళ్లి, మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలైంది. తర్వాత గ్రీసు, పెరూ కూడా వెళ్లింది.

మనకు దగ్గరి మనిషి సౌమ్య గుగులోత్. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. తెలుగు మాట్లాడే పిల్ల ఐరోపాలో జెర్సీ వేసుకుందని చెబితే మా పిల్లలు ఫోను లాక్కుని ఫొటో చూశారు.

గమనించారా, ఈ పేర్లలో ఎక్కువమంది ముందు వరసలో ఆడేవాళ్లే. బయటి క్లబ్బు ఒక కొత్త దేశం నుంచి మనిషిని తీసుకోవాలంటే ముందు గోల్స్ లెక్క చూస్తుందని నా అనుమానం. మిడ్‌ఫీల్డర్ పనితనం అంకెల్లో తొందరగా కనపడదు. అందుకే మన మిడ్‌ఫీల్డర్‌కు జాతీయ జట్టు తలుపు ముందు తెరుచుకోవాలి. బెంగాల్‌కు చెందిన సంగీత బాస్ఫోర్ మిడ్‌ఫీల్డరే. 2025 జులైలో థాయ్‌లాండ్ మీద 2–1తో గెలిచి మన జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించిన మ్యాచ్‌లో రెండు గోల్సూ ఆమెవే.

మా పిల్ల పొట్టిగా, బక్కగా ఉంది. ఆ తెల్లోళ్ల మధ్య నిలబడగలదా?

జపాన్ మిడ్‌ఫీల్డర్ యుయి హసెగావా ఎత్తు 157 సెంటీమీటర్లు. అంటే మన తొమ్మిదో తరగతి పిల్ల అంత. టోక్యోలో నిప్పన్ టీవీ బెలెజా అనే క్లబ్బులో చిన్నప్పటి నుంచి పెరిగింది. 2021 మొదట్లో ఇటలీలో మిలాన్‌కు, అదే ఏడాది ఇంగ్లండ్‌లో వెస్ట్‌హామ్‌కు, 2022లో మాంచెస్టర్ సిటీకి వెళ్లింది. ఏడాదిన్నరలో మూడు క్లబ్బులు, రెండు దేశాలు.

సిటీలో అప్పుడే కీరా వాల్ష్ అనే పేరున్న మిడ్‌ఫీల్డర్ బార్సిలోనాకు వెళ్లిపోవడంతో ఆరో నంబరు ఖాళీ అయింది. హసెగావా అప్పటిదాకా ఎక్కువగా ముందుకు వెళ్లి ఆడే పిల్ల. ఆమెను తెచ్చి వెనక కాపలా చోటులో పెట్టారు. ఆమె ఎవర్నీ గుద్ది పడేయదు. బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టి దారిలో నిలబడుతుంది. బంతి దొరికాక రెండు తాకుళ్లకు మించి దగ్గర ఉంచుకోదు. పొట్టి పిల్లలకు నేను చూపించే వీడియోలు ఆమెవే.

వయసు పదిహేను. ఇప్పుడే పంపించేయొచ్చా?

కుదరదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిబంధన ప్రకారం ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మారాలంటే పద్ధెనిమిదేళ్లు నిండాలి. కొన్ని మినహాయింపులున్నాయి. అమ్మానాన్నలు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని పని మీద ఆ దేశం వెళ్లి స్థిరపడడం లాంటివి. అవి మనకు పెద్దగా పనికొచ్చేవి కావు. పదిహేనేళ్ల పిల్లను ఐరోపా క్లబ్బులో వేస్తానన్నవాడు మీతో అబద్ధం చెబుతున్నాడు, అంతే.

మరి ఈ మూడేళ్లూ ఏం చెయ్యాలి?

స్కూల్ గేమ్స్, సుబ్రతో కప్ అమ్మాయిల విభాగం, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, జూనియర్ నేషనల్స్. ఆ తర్వాత ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఏదో ఒక క్లబ్బు. విదేశీ క్లబ్బులు చూసేది ఈ లీగ్ వీడియోలనూ, జాతీయ జట్టు మ్యాచ్‌లనూ.

మన వైపు ఆ స్థాయి మహిళల క్లబ్బు లేదు. రాష్ట్రంలో హాస్టల్‌లో ఉంచి అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పే చోటు అంటే అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ అకాడమీ గుర్తొస్తుంది. ఇచ్ఛాపురం నుంచి అనంతపురం అంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు. మనవాళ్లు ఒడిశా వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు. ఇచ్ఛాపురానికి విశాఖ కన్నా భువనేశ్వరే దగ్గర. 2023–24లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది భువనేశ్వర్‌లో ఉండే ఒడిశా ఎఫ్‌సీ. సరిహద్దు అవతల ట్రయల్స్ ఉన్నాయని తెలిస్తే బరంపురం బండి ఎక్కించండి, మొహమాటం వద్దు.

ఒక ముఖ్యమైన సంగతి. పుట్టిన తేదీ ఎక్కడా మార్చకండి. బడిలో వేసేటప్పుడు ఏడాది తగ్గించి రాయించే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. జూనియర్ పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. అక్కడ దొరికితే పిల్ల పరువూ పోతుంది, ఆటా పోతుంది.

ఒకాయన మూడు లక్షలు కడితే యూరప్‌లో ట్రయల్ ఇప్పిస్తానంటున్నాడు. కట్టొచ్చా?

దీనికి మాత్రం కొంచెం పొడుగ్గా చెబుతాను.

ఉద్దానంలో గల్ఫ్ ఏజెంటు చేతిలో దెబ్బతినని ఊరు చూపించండి. వెల్డర్ పని అని చెప్పి గొర్రెల కాపరిగా దించడం, విజిట్ వీసా మీద పంపి చేతులు దులిపేసుకోవడం, దిగగానే పాస్‌పోర్టు లాక్కోవడం. ఈ కథలన్నీ మనకు మన ఇళ్లలోనే తెలుసు. అయినా 'ఫుట్‌బాల్', 'యూరప్' అనే రెండు మాటలు వినపడగానే అదే మోసం మనకు కొత్తగా కనిపిస్తుంది. బయటి దేశంలో ఆడడం కూడా వలసే. బంతి తన్నే పిల్ల కూడా కూలికి వెళ్తున్న మనిషే, కాకపోతే ఆ కూలి టీవీలో కనపడుతుంది. గల్ఫ్‌కు తమ్ముణ్ని పంపేటప్పుడు ఏం అడుగుతారో అవన్నీ ఇక్కడా అడగండి.

నాలుగేళ్ల కింద నా దగ్గర ఆడిన ఒక పిల్ల విషయంలో ఇదే జరిగింది. వాట్సాప్‌లో ఒక క్లబ్బు ముద్ర ఉన్న ఉత్తరం వచ్చింది. పిల్ల నాన్న జీడితోట మీద అప్పు తెచ్చి అరవై వేలు అడ్వాన్సు పంపాడు. నాకు చెప్పింది ఆ తర్వాత. ఆ ఉత్తరంలో ఊరి పేరు ఒక దేశంలోది, ఫోన్ కోడు ఇంకో దేశానిది. నేను ఆ క్లబ్బు అసలు వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు మెయిల్ రాస్తే, అలాంటి ఉత్తరం మేం పంపలేదని రెండు రోజుల్లో జవాబొచ్చింది. అరవై వేలు రాలేదు. పిల్ల ఏడాదిపాటు గ్రౌండుకు రాలేదు. నాన్న అప్పు చేసింది తన వల్లేనని దాని బాధ. నేను ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లినా ఏం చెప్పాలో తెలియక టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఫుట్‌బాల్ ఏజెంటు పని చెయ్యాలంటే ఫిఫా లైసెన్సు ఉండాలి. దానికి పరీక్ష ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. మీ దగ్గరికి వచ్చినవాడి పేరు అక్కడ లేకపోతే మాట అక్కడితో ఆపేయండి. మైనరు పిల్లతో నేరుగా మాట్లాడి సంతకం పెట్టించుకోకూడదు, తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుకోలు కావాలి. సరైన ఏజెంటుకు రాబడి పిల్ల జీతం కుదిరాక వచ్చే కమీషన్. జీతమే లేనప్పుడు ముందే లక్షలు ఎందుకు అడుగుతున్నట్టు?

కాంట్రాక్టు వచ్చింది. అందులో ఏం చూడాలి?

ముందు భాష. మీకు అర్థం కాని భాషలో ఉంటే ఇంగ్లీషు ప్రతి అడగండి, దాన్ని ఒక లాయరుకు చూపించండి. సోంపేట, టెక్కలి కోర్టుల్లో లాయర్లకు ఫుట్‌బాల్ తెలియకపోవచ్చు గానీ, అగ్రిమెంటు చదవడం తెలుసు.

ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అనే తేదీలు చూడండి. ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్టు కనీసం ఆ సీజన్ చివరిదాకా ఉండాలి, ఐదేళ్లకు మించకూడదు. 'వైద్య పరీక్షలో పాసైతేనే ఈ ఒప్పందం చెల్లుతుంది', 'వర్క్ పర్మిట్ వస్తేనే చెల్లుతుంది' అని రాయడానికి వీల్లేదు. పరీక్షలు, పర్మిట్ సంగతి సంతకానికి ముందే చూసుకోవాలి. ఇది చాలామందికి తెలియదు.

జీతం ఆగిపోతే? వరుసగా గానీ విడివిడిగా గానీ రెండు నెలల జీతం బాకీ పడితే, క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసిచ్చి పదిహేను రోజులు గడువు పెట్టాలి. అప్పటికీ ఇవ్వకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు తెంచుకుని బయటికి రావచ్చు, ఫిఫా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. గల్ఫ్‌లో మన కుర్రాళ్లకు ఇంత దారి కూడా ఉండదు. అందుకని ప్రతి జీతం బ్యాంకు ద్వారానే తీసుకోమని పిల్లకు చెప్పండి. చేతికిచ్చే డబ్బుకు సాక్ష్యం ఉండదు.

గది అద్దె, తిండి, రానుపోను టికెట్లు, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదో కాగితం మీదే ఉండాలి. పాస్‌పోర్టు మాత్రం ఎవరు అడిగినా చూపించి వెనక్కి తీసుకోవడమే.

జీతం ఎంత వస్తుంది?

అబ్బాయిల ఆటలో వినే కోట్లు మర్చిపోండి. ఫిఫా 2024కు సంబంధించి ప్రపంచంలోని మహిళల క్లబ్బుల నుంచి వివరాలు తీసుకుని వేసిన లెక్కలో సగటు జీతం ఏడాదికి 10,900 డాలర్లు. మన డబ్బులో తొమ్మిది లక్షల పైచిలుకు. పెద్ద క్లబ్బుల్లో సగటు దాదాపు 24,000 డాలర్లు. అక్కడి ఖర్చులు పోగా ఇంటికి పంపేది ఎంతో మీరే లెక్కేసుకోండి. గది, తిండి క్లబ్బు ఇస్తే మిగులుతుంది, లేకపోతే కష్టం. మొదటి కాంట్రాక్టును సంపాదనగా కాకుండా తర్వాతి కాంట్రాక్టుకు పెట్టుబడిగా చూడాలన్నది నా అభిప్రాయం. మా ఆవిడ మాత్రం దీనికి ఒప్పుకోదు, అప్పుల్లో ఉన్న ఇంటికి పెట్టుబడి మాటలు చెప్పకంటుంది. ఆమె మాటలోనూ న్యాయముంది.

పాస్‌పోర్టు, వీసా?

పదో తరగతి పాసయ్యాకే పాస్‌పోర్టు తీయండి. పది పాస్ కాకపోతే ఈసీఆర్, అంటే వలసకు అనుమతి కావాలి అనే ముద్రతో వస్తుంది. సౌదీ, కువైట్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే అప్పుడు వేరే అనుమతి కావాలి. సౌదీకి ఫుట్‌బాల్ ఏమిటని నవ్వకండి, 2022 నుంచి అక్కడ కూడా మహిళల ప్రీమియర్ లీగ్ నడుస్తోంది, విదేశీ అమ్మాయిలు ఆడుతున్నారు.

ఇంటిపేరు దగ్గర మనవాళ్లు తప్పకుండా తప్పు చేస్తారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా, ఆధార్‌లో పొట్టి అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. మూడింట్లోనూ ఒకేలా ఉండాలి.

ఇంగ్లండ్ అయితే మామూలు వీసాతో పాటు అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోలు కావాలి. జాతీయ జట్టుకు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది, ఏ స్థాయి లీగ్ నుంచి వస్తోంది అన్నవి చూస్తారు. సైప్రస్, క్రొయేషియా లాంటి చోట్ల నుంచి మొదలుపెట్టడం తేలిక.

అక్కడి తిండి, చలి, ఒంటరితనం ఎలా?

తిండికి వారం పది రోజుల్లో అలవాటు పడతారు. చోడి అంబలి తాగి పరిగెత్తిన పిల్లకు పాస్తా తిని పరిగెత్తడం పెద్ద పని కాదు. పిండి సంచీలో పెట్టి పంపండి, అది వేరే సంగతి. చలి మాత్రం లోకువ కాదు. మనకు సంక్రాంతి పొద్దున మంచు అంటేనే వణుకు. అక్కడ శీతాకాలంలో సున్నా దగ్గర మ్యాచ్ ఆడాలి.

భాష మిడ్‌ఫీల్డర్‌కు అందరికన్నా ఎక్కువ కావాలి. గ్రౌండు నడిమధ్య ఉండి అందరితో అరిచేది ఆమే కదా. 'వెనక మనిషి ఉంది', 'తిరుగు', 'వదిలెయ్', 'టైముంది' లాంటి ఇరవై ముప్పై మాటలు ఇంగ్లీషులో కేకేయడం మా పిల్లలకు ఇప్పటి నుంచే నేర్పుతున్నాను. మన ఆడపిల్లల్ని 'గట్టిగా మాట్లాడకు' అని పెంచి, గ్రౌండులో అరవమంటే గొంతు రాదు. నాకు పాస్ నేర్పడం కన్నా ఇదే కష్టమైంది.

మోకాలు పోతే?

భయపడాల్సిన విషయమే. మోకాలిలో ఏసీఎల్ అనే నరం లాంటి కట్టు ఉంటుంది. అది తెగడం మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని లెక్కలు చెబుతున్నాయి. తెగితే ఆపరేషన్, తిరిగి ఆడడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. పుతెయాస్ అంతటి మనిషికి కూడా 2022లో యూరో కప్ మొదలయ్యే ముందే తెగింది. తర్వాత తిరిగొచ్చి ఆడింది. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది. గెంతి సరిగ్గా దిగడం, మోకాలు లోపలికి వంగకుండా ఆగడం నేర్పుతుంది. రూపాయి ఖర్చు లేదు. మా గ్రౌండులో అది చెయ్యని పిల్లకు బంతి ఇవ్వను.

ఉద్దానంవాళ్లకు ఇంకో హెచ్చరిక. నొప్పి బిళ్లలు అలవాటు చెయ్యొద్దు. కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో మనకు తెలుసు. ఎండలో ఆడి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ బిళ్లలు కిడ్నీకి మరింత చెరుపు. డాక్టరు రాస్తేనే వెయ్యండి. ఏడాదికోసారి కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, రక్తం తక్కువగా ఉందేమో అదీ చూపించండి.

నిక్కర్లు వేసుకోవాలా? నెలసరి రోజుల్లో ఏం చేస్తారు?

నిక్కరు కింద లెగ్గింగ్ వేసుకుని ఆడొచ్చు, ఎవరూ కాదనరు. నెలసరి గురించి పెద్ద జట్లలోనే మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లండ్ అమ్మాయిలు తెల్ల నిక్కర్లతో ఇబ్బందిగా ఉందని చెబితే 2023లో నీలం రంగుకు మార్చారు. మన దగ్గర మాస్టారికి చెప్పడానికే పిల్లలు సిగ్గుపడతారు. అందుకే మా బడిలో ఆ విషయాలు సైన్స్ మేడమ్ చూసుకుంటారు.

పెళ్లి, పిల్లలు?

2021 నుంచి ఫిఫా నిబంధనల్లో ప్రసూతి సెలవు ఉంది: కనీసం పద్నాలుగు వారాలు, జీతంలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా. గర్భం వచ్చిందని కాంట్రాక్టు తీసేయడానికి లేదు. పెళ్లి ఎప్పుడన్నది మాత్రం నన్ను అడగకండి, పిల్లను అడగండి.

ఏడాదికే తిరిగొచ్చేస్తే నలుగురూ నవ్వరా?

నవ్వేవాళ్లు వెళ్లకముందూ నవ్వారు. ఒక సీజన్ కాంట్రాక్టు, తర్వాత ఇంకో చోటు, ఇదే ఈ ఆటలో మామూలు. సౌమ్య క్రొయేషియా నుంచి వచ్చేసి ఇక్కడి లీగ్‌లో ఆడింది. 2024–25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఫెడరేషన్ అవార్డు ఆమెకే ఇచ్చింది. బాలాదేవి రేంజర్స్‌కు వెళ్లేనాటికే మణిపూర్ పోలీసులో ఉద్యోగి. రైల్వే, సరిహద్దు కాపలా కాసే ఎస్‌ఎస్‌బీ లాంటి చోట్ల అమ్మాయిల ఫుట్‌బాల్ జట్లున్నాయి, స్పోర్ట్స్ కోటా ఉంది. చదువు మాత్రం ఆపకూడదు, డిగ్రీ దూరవిద్యలోనైనా కట్టించండి.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి బరువులెత్తే రోజుల్లోనూ ఆడపిల్లకు ఇదేం పనని అన్నవాళ్లున్నారు. 2000లో సిడ్నీలో పతకం వచ్చాక అదే నోళ్లు మా ఊరమ్మాయి అన్నాయి. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇప్పుడు ఆడపిల్ల బరువులెత్తుతుంటే ఎవరూ తిరిగి కూడా చూడరు.

మీ బడి నుంచి ఎవరైనా వెళ్లారా మాస్టారూ?

ఇంకా లేదు. ఆ అరవై వేల పిల్ల ఉంది చూశారూ, ఏడాది తర్వాత తనే గ్రౌండుకు వచ్చింది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది, రాష్ట్ర జట్టు క్యాంపులో ఉంది, ఎనిమిదో నంబరు. మొన్ననే విశాఖ వెళ్లి పాస్‌పోర్టుకు ఇచ్చి వచ్చాం. సర్‌నేమ్ గడి నేనే దగ్గరుండి నింపించాను.